పని మన చేతిలో ఉంది, కొలత కూడా రావాలి

(డోంగ్లిలో ముస్లిం కుటుంబాల కోసం జరిగిన విద్యా, ఉపాధి అవగాహన సభలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్న ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఇళ్లలో పిల్లల భవిష్యత్తు గురించి మాట్లాడుకునేటప్పుడు నాలుగైదు మాటల చుట్టూనే తిరుగుతాం. డాక్టరు కావాలి, సాఫ్ట్‌వేరు ఉద్యోగం రావాలి, పోలీసు నియామకాలు పడాలి, లేదంటే గల్ఫ్ వీసా దొరకాలి. ఈరోజు నేను చెప్పబోయే ఉద్యోగం పేరు మన సభల్లో ఎప్పుడూ వినిపించదు. కర్మాగారంలో తయారైన వస్తువు సరిగ్గా ఉందో లేదో తేల్చడం, తేడా వస్తే అది ఎందుకు వచ్చిందో కనిపెట్టడం, ఆ తేడా మళ్లీ రాకుండా తయారీ పద్ధతినే మార్చడం ఆ ఉద్యోగంలోని పని. పుస్తకాల్లో దీన్ని నాణ్యతా నిర్వహణ, ప్రక్రియా మెరుగుదల అంటారు. కర్మాగారాల్లో అందరూ ‘క్వాలిటీ’ అనే ఒక్క మాటతో పిలుస్తారు. పదో తరగతి చదివినవారి నుంచి పీజీ పూర్తిచేసినవారి వరకు అందరికీ ఇందులోకి దారి ఉంది. అయినా మన సముదాయం ఆ దారిలో చాలా తక్కువగా నడుస్తున్నది. ఎందుకో, ఏం చేయాలో చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

తేమ యంత్రం ముందు నిలబడ్డ రైతు

మీకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను. డోంగ్లి 2022లో మద్నూర్ నుంచి విడిపోయి మండలమైంది. ఇది పత్తి, సోయా పండే ప్రాంతం. పత్తి అమ్మడానికి వెళ్లిన రైతుకు తెలుసు, అతని ఏడాది కష్టం చివరికి ఒక అంకె మీద ఆధారపడుతుంది. తేమ 8 శాతం లోపు ఉంటే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 8 దాటి 12 వరకు ఉంటే ధర తగ్గుతుంది. 12 దాటితే కొనరు. యంత్రం 11 చూపిందా, 13 చూపిందా అన్న దాని మీద బండి ఖాళీగా ఇంటికి వస్తుందా, నిండుగా తిరిగి వస్తుందా అన్నది తేలుతుంది.

ఆ యంత్రం ముందు మన రైతు సాధారణంగా రెండే పనులు చేస్తాడు. బతిమాలుతాడు, లేదా గొడవపడతాడు. కొలత తెలిసిన మనిషి అయితే నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఈ యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? నమూనా పైనుంచి తీశారా, బండి మధ్య నుంచి తీశారా? మంచు ఆరకముందు కొలిచారా, ఎండ వచ్చాక కొలిచారా? ఒక్కసారే కొలిచారా, మూడు చోట్ల కొలిచి సగటు తీశారా? ఈ నాలుగు ప్రశ్నలలో కోపం లేదు, వేడుకోలు కూడా లేదు. అయినా వీటికి జవాబు చెప్పక తప్పదు. నాణ్యతా శాస్త్రానికి ఓనమాలు ఇవే.

ఇంకొక ఉదాహరణ మన తల్లులదీ, చెల్లెళ్లదీ. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో వేలాది కుటుంబాలు బీడీల మీద బతుకుతున్నాయి. వారిలో మన ఇళ్ల ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఆకు, పొగాకు తూచి ఇస్తారు. ఇన్ని బీడీలు రావాలని లెక్క చెబుతారు. తిరిగి అప్పగించేటప్పుడు బాగాలేనివి ఏరి పక్కన పడేస్తారు. ఆ నష్టం చుట్టిన చేతి మీదే పడుతుంది. ఇచ్చిన ఆకే ఎండి, చిరిగి, చిల్లులు పడి ఉంటే ఆ తప్పు ఎవరిది? ఆకు ఇచ్చేటప్పుడు దాని నాణ్యతను ఎవరైనా రాసిపెట్టారా? రాయలేదు. బీడీ చెడిందన్నది మాత్రం లెక్కలోకి వచ్చింది, ఆకు చెడిందన్నది రాలేదు. పని చేసేవారు ఒకరు, కొలిచేవారు ఇంకొకరు, నష్టపోయేది పని చేసినవారు. ఈ ఒక్క ఏర్పాటును అర్థం చేసుకుంటే నా ప్రసంగంలో సగం అర్థమైనట్టే.

నా అనుభవం

నేను బాన్సువాడ ప్రాంతంలోనే పుట్టినవాడిని. ఐటీఐలో టర్నర్ కోర్సు చదివి, హైదరాబాద్ శివారులోని ఒక కర్మాగారంలో లేత్ యంత్రం మీద చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం. 100 మిల్లీమీటర్ల వ్యాసం గల ఇనుప షాఫ్టులు తయారుచేసేవాళ్లం. 0.02 మిల్లీమీటరు కంటే ఎక్కువ తగ్గితే షాఫ్టు పనికిరాదు. నేను ప్రతి షాఫ్టునూ మైక్రోమీటరుతో కొలిచే పక్కన పెట్టేవాడిని. అన్నీ సరిగ్గానే ఉండేవి. మర్నాడు పొద్దున తనిఖీలో వాటిలో కొన్ని సన్నబడ్డాయని తిప్పి పంపేవారు.

వారం రోజులు ఇలాగే జరిగింది. నాతోపాటు ఇద్దరు కుర్రాళ్లకు కూలి కోశారు. సూపర్‌వైజరు అందరి ముందూ, “మీ వాళ్లతో ఇంతే, మనసు పెట్టి పనిచేయరు” అన్నాడు. ‘మీ వాళ్లు’ అంటే ఎవరో నాకు అర్థమైంది. మిగతా ఇద్దరి పేర్లు కూడా నా పేరులాంటివే. ఆ రాత్రి ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేద్దామనుకున్నాను.

అక్కడ తనిఖీ విభాగంలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒక గళ్ల కాగితం తెచ్చి, “బాబూ, ప్రతి షాఫ్టు మీద అది తయారైన సమయం రాయి, అంతే చాలు” అన్నారు. పది రోజులు రాశాను. ఆయన ఆ కాగితం మీద చుక్కలు పెట్టి చూపించారు. పొద్దున తయారైనవన్నీ బాగున్నాయి. చెడినవన్నీ మధ్యాహ్నం రెండు దాటాక తయారైనవే. నేనూ అదే మనిషిని, యంత్రమూ అదే. మరి మధ్యాహ్నం ఏం మారుతోంది?

ఆయన ఒకదాని వెంట ఒకటిగా ప్రశ్నలు వేశారు. షాఫ్టు ఎందుకు సన్నబడింది? వేడిగా ఉన్నప్పుడు కొలిచారు, చల్లారాక కుంచించుకుపోయింది. ఇనుము 30 డిగ్రీలు వేడెక్కితే 100 మిల్లీమీటర్ల షాఫ్టు సుమారు 0.035 మిల్లీమీటరు ఉబ్బుతుంది. అది వెంట్రుక మందంలో దాదాపు సగం. అందుకే కొలతలకు ప్రపంచమంతా 20 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రమాణంగా పెట్టుకున్నది. షాఫ్టు ఎందుకు అంత వేడెక్కింది? చల్లబరిచే ద్రవం సరిగ్గా పారడం లేదు. ఎందుకు పారడం లేదు? జల్లెడలో ఇనుప రజను పేరుకుపోయింది. ఎందుకు పేరుకుంది? మధ్యలో ఎవరూ శుభ్రం చేయడం లేదు. ఎందుకు చేయడం లేదు? ఆ పని ఎవరిదో ఏ కాగితంలోనూ రాసి లేదు.

ఐదు ప్రశ్నలతో విషయం తేలిపోయింది. మధ్యాహ్న భోజన విరామంలో జల్లెడ కడగాలని గోడ మీద ఒక కాగితం అంటించారు. తనిఖీకి ముందు షాఫ్టును చల్లారనివ్వాలని ఇంకొక నియమం పెట్టారు. ఆ తర్వాత ఆ లోపం రాలేదు. సూపర్‌వైజరు నన్ను క్షమాపణ అడగలేదు. కోసిన కూలీ తిరిగి ఇవ్వలేదు. కానీ ‘మీ వాళ్లతో ఇంతే’ అన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు. ఆ మాటకు జవాబుగా నేను ఎంత గట్టిగా అరిచినా ఆ ఫలితం వచ్చేది కాదు. చుక్కలు పెట్టిన ఒక గళ్ల కాగితం నా తరఫున మాట్లాడింది. ఆ రోజే నేను తనిఖీ విభాగంలోకి మారాలని నిశ్చయించుకున్నాను. ఉద్యోగం చేస్తూనే డిప్లొమా చదివి, కొన్నేళ్లకు మారగలిగాను.

ఈ శాస్త్రం ఎక్కడి నుంచి వచ్చింది

ఆ పెద్దాయన పెట్టిన చుక్కలకు నూరేళ్ల చరిత్ర ఉంది. 1924 మే నెలలో అమెరికాలో టెలిఫోను పరికరాలు తయారుచేసే సంస్థలో వాల్టర్ షూహార్ట్ అనే శాస్త్రవేత్త మొదటి నియంత్రణ పటం గీశారు. ఏ తయారీలోనైనా చిన్న చిన్న హెచ్చుతగ్గులు సహజంగా ఉంటాయని, వాటికి మించిన తేడా కనిపించినప్పుడే ప్రత్యేక కారణం వెతకాలని ఆయన చూపించారు. ఆయన బాటలో నడిచిన ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజనీర్లకు, యజమానులకు ఈ విద్య బోధించారు. యుద్ధంలో నేలమట్టమైన దేశం మూడు దశాబ్దాల్లో ప్రపంచానికి నాణ్యతలో పాఠాలు చెప్పే స్థాయికి వచ్చింది.

డెమింగ్ సభల్లో ఒక ఆట ఆడించేవారు. ఒక పెట్టెలో తెల్ల పూసలు, ఐదోవంతు ఎర్ర పూసలు కలిపి ఉంటాయి. గుంటలున్న చిన్న పలకతో ‘కార్మికులు’ పూసలు తీయాలి. ఎర్ర పూస వస్తే లోపం. ఎర్రవి తక్కువ తీసినవారిని మెచ్చుకుంటారు, ఎక్కువ తీసినవారిని మందలిస్తారు, చివరికి ఉద్యోగం నుంచి తీసేస్తారు. చూసేవారంతా నవ్వుతారు, ఎందుకంటే పెట్టెలోనే ఎర్ర పూసలు ఉన్నప్పుడు కార్మికుడు ఏం చేయగలడు? లోపాల్లో అత్యధిక భాగం వ్యవస్థలో నుంచి వచ్చేవేనని, వాటిని సరిదిద్దాల్సిన బాధ్యత నిర్వాహకులదేనని డెమింగ్ జీవితాంతం వాదించారు. చిరిగిన ఆకు చేతికిచ్చి బీడీ బాగాలేదనడం ఈ ఎర్ర పూసల ఆటే కదా!

మన దేశానికి ఈ విద్య ఆలస్యంగా ఏమీ రాలేదు. మహలనోబిస్ ఆహ్వానం మీద 1947-48లో షూహార్ట్ స్వయంగా భారతదేశానికి వచ్చారు. మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థ ఈ రంగానికి పునాది వేసింది. దాని శాఖ మన హైదరాబాద్ హబ్సిగూడలో ఉంది.

తెలుగు నేలకు ఇందులో గర్వించదగ్గ స్థానం ఉంది. మద్నూర్ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు పటాన్‌చెరు దాటాక రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం పక్కనుంచే వెళ్తుంది. భారతదేశంలో మొదటి నాణ్యతా వలయాలు 1980లో ఆ కర్మాగారంలోనే మొదలయ్యాయి. అప్పటి ఉన్నతాధికారి ఎస్.ఆర్. ఉడ్ప వాటికి శ్రీకారం చుట్టారు. ఒకే చోట పనిచేసే పదిమంది లోపు కార్మికులు ఇష్టపూర్వకంగా వారానికి ఒక గంట కూర్చుని, తమ పనిలో వచ్చే చిక్కును తామే ఎంచుకుని, లెక్కలు రాసి, కారణం కనిపెట్టి, పరిష్కారాన్ని యాజమాన్యం ముందు నిలబడి వివరించడమే నాణ్యతా వలయం. 1982లో ఏర్పడిన భారత నాణ్యతా వలయాల సమాఖ్య ప్రధాన కార్యాలయం ఈనాటికీ సికింద్రాబాద్‌లోనే ఉంది. అధికారి చెబితే కార్మికుడు చేయాలన్న రివాజును తిరగేసి, పని చేసేవాడికే ఆ పని గురించి ఎక్కువ తెలుసునని ఒప్పుకున్న ఉద్యమమిది.

మన చేతుల్లో ఉన్నది, లేనిది

మన సముదాయానికి పనితనం కొత్త కాదు. లేత్, వెల్డింగు, మోటారు మెకానిజం, కుట్టుపని, ఫర్నిచరు, ఏ పనిలోనైనా మన ఉస్తాదులు కనిపిస్తారు. మనకు దగ్గరలోని బీదర్‌లో బిద్రీ కళాకారులను చూడండి. జింకు, రాగి మిశ్రమం మీద వెండి పొదిగి, చివర్లో కోట నుంచి తెచ్చిన మట్టితో దాన్ని నల్లబరుస్తారు. ఏ మట్టి పనికొస్తుందో అనుభవజ్ఞుడైన ఉస్తాదు నాలుక మీద వేసుకుని చెబుతాడు. అది గొప్ప విద్య. అయితే ఆ విద్య ఆయన నాలుక మీదే ఉంది. కాగితం మీద లేదు. శిష్యుడికి అందకపోతే ఆయనతోనే పోతుంది. ఆయన విలువ ఎంతో కొనేవాడు చెబుతాడు తప్ప ఆయన చెప్పలేడు.

2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ పరిస్థితినే లెక్కలతో చూపింది. ముస్లింలు స్వయం ఉపాధిలో, చిన్న చిన్న వృత్తుల్లో ఎక్కువగా ఉన్నారని, నెలజీతం వచ్చే స్థిరమైన ఉద్యోగాల్లో, ముఖ్యంగా పెద్ద సంస్థల్లో, తక్కువగా ఉన్నారని తేల్చింది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక కూడా ఈ రాష్ట్రంలోని వెనుకబాటును అంకెల్లో పెట్టింది. ఆ నివేదికలు రాకముందు మన వేదన వేదనగానే ఉండేది. వచ్చాక అది వాదన అయింది. కొలతకున్న బలం అది.

ఇక్కడ మన సంప్రదాయం కూడా గుర్తుచేసుకోవాలి. కొలతలో, తూకంలో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూనే ఖుర్ఆన్‌లోని 83వ అధ్యాయం మొదలవుతుంది. ముస్లిం నగరాల్లో ‘ముహ్తసిబ్’ అనే అధికారి బజారులో తూకాలను, సరుకులను, చేతివృత్తుల వారి పనిని తనిఖీ చేసేవాడు. నేటి నాణ్యతా విభాగం చేసే పని ఆ ముహ్తసిబ్ పనికి దూరమైనదేమీ కాదు. మనకు తెలిసిన అమానత్ అనే విలువకు ఇది వృత్తి రూపం.

పరిశ్రమ వచ్చినప్పుడు మన వాటా ఎక్కడ?

నిజాం చక్కెర కర్మాగారం 1930లలో బోధన్‌లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు పొందింది. 2015 చివర్లో మూతపడింది. అక్కడ చెరకు బండి తోలినవారు, మూటలు మోసినవారు, గుమాస్తాలు అందరూ నష్టపోయారు. ఇటువంటి కర్మాగారాల్లో ప్రయోగశాల ఉంటుంది. చెరకు రసంలో తీపి ఎంత, పిప్పిలో ఎంత చక్కెర వృథా అవుతోంది అని వేళ తప్పకుండా నమూనాలు తీసి పరీక్షిస్తారు. ఆ పని తెలిసిన మనిషి కర్మాగారం మూతపడినా మరో రాష్ట్రంలోని మరో కర్మాగారానికి వెళ్లగలడు. మూటలు మోసిన మనిషికి ఆ అవకాశం లేదు. పరిశ్రమ పోయినా వెంట వచ్చే విద్య కావాలి.

ఇప్పుడు మన పార్లమెంటు నియోజకవర్గ కేంద్రం జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. రేపు అక్కడ కర్మాగారాలు లేస్తాయి. అప్పుడు డోంగ్లి పిల్లలు గేటు దగ్గర కాంట్రాక్టరు లారీ ఎక్కే కూలీలుగా వెళ్తారా, చేతిలో గేజీ పట్టుకుని లోపలికి వెళ్తారా? ఆ నిర్ణయం ఈ రెండు మూడేళ్లలో మన ఇళ్లలోనే జరుగుతుంది.

దారులు ఏవి?

పిల్లలు ఇది శ్రద్ధగా వినాలి.

పదో తరగతి తర్వాత మూడు దారులున్నాయి. మొదటిది ఐటీఐ. ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు కోర్సులు రెండేళ్లవి. మైక్రోమీటరు, వెర్నియర్, గేజీలు చేతికి అలవాటయ్యేది అక్కడే. రెండోది పాలిసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. మూడోది హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర పరికర రూపకల్పన సంస్థ. అందరూ సీఐటీడీ అంటారు. 1968లో స్థాపించిన ఆ సంస్థలో అచ్చులు, పనిముట్ల తయారీలో డిప్లొమా పదో తరగతి అర్హతతోనే చదవవచ్చు. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. కనుక ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేరితే చదువు అక్కడితో ఆగిపోతుందని తల్లిదండ్రులు భయపడనక్కరలేదు.

బీఎస్సీ రసాయనశాస్త్రం, బీఫార్మసీ చదివినవారికి ఔషధ పరిశ్రమ ఉంది. మందుల కర్మాగారంలో నాణ్యతా విభాగం ఉత్పత్తి విభాగానికి లోబడి ఉండకూడదన్నది నియమం. ఉత్పత్తి వారు ఎంత తొందరపెట్టినా, నాణ్యతా విభాగం సంతకం లేనిదే ఒక్క మాత్ర కూడా బయటికి వెళ్లదు. ప్రయోగశాలలో కూర్చుని చేసే ఈ పనిలో మన ఆడపిల్లలు చక్కగా రాణించగలరు. గణితం, గణాంకశాస్త్రం బాగా చదివే పిల్లలు నేను చెప్పిన భారత గణాంక సంస్థ ప్రవేశపరీక్ష గురించి తెలుసుకోవాలి. దాని ప్రధాన డిగ్రీ కోర్సుల్లో బోధనా రుసుము ఉండదు సరికదా, విద్యార్థికే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు.

గల్ఫ్ వెళ్లాలనుకునేవారికీ ఒక మాట. వెల్డింగు చేసే మనిషి ఉన్న ప్రతి చోటా ఆ అతుకును పరీక్షించే మనిషి ఉంటాడు. ఎక్స్‌రేతో, అల్ట్రాసౌండ్‌తో, రంగు ద్రవంతో లోపల పగుళ్లు ఉన్నాయో లేదో చూస్తాడు. అతని జీతం వేరు, బస వేరు, గౌరవం వేరు. చాలా ఏళ్లు వెల్డింగు చేసిన మన అన్నలు ఆ పరీక్షకుడి పని నేర్చుకోవడానికి ఎంతో అనువైనవారు. అతుకు ఎలా చెడుతుందో వారికన్నా ఎవరికి తెలుసు?

ఏ దారిలో వచ్చినా మెట్లు ఇవే. మొదట తనిఖీదారు, తర్వాత క్వాలిటీ టెక్నీషియన్, ఆపై క్వాలిటీ ఇంజనీరు. అనుభవం పెరిగితే సరఫరాదారుల కర్మాగారాలకు వెళ్లి వాళ్ల పద్ధతులను సరిదిద్దే బాధ్యత, మొత్తం ప్రక్రియనే మార్చే బాధ్యత వస్తాయి. ఐఎస్ఓ 9001, సిక్స్ సిగ్మా, లీన్ వంటి మాటలు అక్కడ వినిపిస్తాయి. వాటిని చూసి బెదరవద్దు. లెక్క రాయడం, కారణం వెతకడం, మార్పు చేసి మళ్లీ లెక్క చూడడం, ఈ మూడింటి చుట్టూనే అవన్నీ అల్లుకున్నాయి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పది రోజుల్లో ‘బ్లాక్ బెల్ట్’ ఇస్తాం, నెలలో గల్ఫ్ ఉద్యోగం ఇప్పిస్తాం అని వేలకు వేలు వసూలు చేసేవారు పెరిగారు. కర్మాగారంలో ఒక్క సమస్యనైనా పరిష్కరించకుండా తెచ్చుకున్న ఆ కాగితానికి విలువ లేదు. ఐఐటీల అధ్యాపకులు ఎన్‌పీటీఈఎల్‌లో చెప్పిన పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ముందు అవి వినండి. రెండో జాగ్రత్త మీ సంతకం గురించి. కొలవని అంకెను కొలిచినట్టు రాయమని ఏదో ఒక రోజు మీ మీద ఒత్తిడి వస్తుంది. మన ఔషధ కంపెనీలకు విదేశీ నియంత్రణ సంస్థలు పంపిన హెచ్చరిక లేఖల్లో ఇటువంటి దొంగ రికార్డుల ప్రస్తావన తరచుగా ఉంటుంది. ఆ అంకెను నమ్మి ఎక్కడో ఒక రోగి మందు వేసుకుంటాడు. ఆ రోజు ఉద్యోగం కన్నా అమానత్ పెద్దదని గుర్తుంచుకోండి.

మనం చేయవలసినవి

కుటుంబాలకు నా మొదటి మనవి. పదో తరగతి ఫలితాలు రాకముందే కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. బీసీ-ఇ కింద ఉన్న 4 శాతం రిజర్వేషన్ పాలిటెక్నిక్ సీట్లకూ వర్తిస్తుంది. చివరి రోజున కార్యాలయం చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకున్న పిల్లలను నేను చూశాను.

రెండో మనవి, చిన్న దుకాణాలు నడిపే సోదరులకు. ఒక నోటు పుస్తకం పెట్టండి. కుట్టిన బట్ట తిరిగి వస్తే, బాగుచేసిన మోటారు మళ్లీ చెడితే, తేదీ, కారణం రాయండి. మూడు నెలల తర్వాత లెక్క చూడండి. పది ఫిర్యాదుల్లో ఆరేడు ఒకటి రెండు కారణాల వల్లే వచ్చాయని మీకే కనిపిస్తుంది. ఆ పుస్తకం రాసే పని ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లకో పిల్లవాడికో అప్పగించండి. వాళ్లకు అదే మొదటి పాఠం అవుతుంది.

మూడో మనవి, కార్యకర్తలకు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం పరిశ్రమలు యువతకు పని నేర్పుతూ స్టైపెండ్ ఇవ్వాలి. మన ప్రాంతం నుంచి ఎందరిని తీసుకున్నారు, అందులో మన పిల్లలు ఎందరు, ఏ విభాగాల్లో ఉన్నారు? ప్రభుత్వ రంగ సంస్థలను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఏడాదికి ఒక్కసారైనా కర్మాగారానికి తీసుకెళ్లాలని, ప్రతి పాఠశాలలో కొలత పరికరాలు ఉండాలని అడగండి. ‘మాకు అన్యాయం జరిగింది’ అనే వినతిపత్రంతో పాటు, ‘ఇదిగో ఐదేళ్ల లెక్క’ అని ఒక పట్టిక కూడా జతచేయండి. అప్పుడు జవాబు దాటవేయడం కష్టమవుతుంది.

చివరిగా ఒక్క పేరు గుర్తుచేసి ముగిస్తాను. మన మంజీర మీద, బాన్సువాడకు ఎగువన, 1923 నుంచి 1931 వరకు నిజాంసాగర్ కట్టారు. దాన్ని రూపొందించి కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ప్రభుత్వ ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్లి చదువుకుని వచ్చి ఆయన కట్టించిన ఆ ఆనకట్ట దాదాపు నూరేళ్లుగా ఈ నేలకు నీరిస్తున్నది. ఆ నీరు పారే పొలాల్లో ఎవరిది ఏ మతమో నీటికి తెలియదు. మంచి పని గురించి ఎవరూ సాక్ష్యం చెప్పనక్కరలేదు, అది నిలబడి కనిపిస్తుంది.

ఆయన చదువుకు అప్పటి ప్రభుత్వం అండగా నిలిచింది. మన పిల్లలకు అటువంటి అండ ఇవ్వమని ప్రభుత్వాన్ని అడుగుదాం, అడుగుతూనే ఉందాం. అడుగుతున్న ఈ లోపల డోంగ్లి నుంచి ఈ ఏడాది కనీసం పదిమంది పిల్లలను ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో, సీఐటీడీలో చేర్పిద్దాం. వచ్చే ఏడాది ఇదే సభలో ఎంతమంది చేరారో, ఎంతమంది మధ్యలో ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో లెక్క రాసి చదువుదాం. నేను తప్పకుండా వస్తాను, ఆ లెక్క వినడానికి.